పెద్దవల పాట మధ్యలో ఆగిపోయిన కెమెరా

నా రిటైర్మెంటుకి మూడేళ్ల ముందు, మాఘమాసం చివర్లో, నాకు భావనపాడు డ్యూటీ పడింది. ఆర్డరులో 'పెద్దవల పాట, పూర్తి నిడివి, వీడియో' అని ఒక ముక్క, దాని కింద నా పేరు, పక్కన హోదా: సీనియర్ కెమెరామన్. చదవగానే నవ్వాగలేదు. భావనపాడు మా ఊరు. ఆ పెద్దవల లాగి సంపాదించిన డబ్బుతోనే మా నాన్న నన్ను చదివించాడు. మా వాడలో మొట్టమొదట డిగ్రీ చేసినవాణ్ణి నేనే. సర్కారు నాకు జీతమూ బత్తా ఇచ్చి, మా ఊరు పోయి మా వాళ్ల పాట తీసుకురమ్మంటోంది! ఆఫీసులో ఎదురైన ప్రతి మనిషికీ ఆ కాగితం చూపించాను. టీ తెచ్చినాయన రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

ఈమధ్య కెమెరాలు కొనుక్కుంటున్న కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, కంపెనీలు వీడియోకి పెట్టే అడ్డుకట్టల మీద పళ్లు నూరుతుంటే నాకు ఆ డ్యూటీయే గుర్తొస్తుంది. ఎవరు దొరికినా చెబుతున్నాను. ఇక్కడ రాసేస్తే ఇంట్లోవాళ్లకి కాస్త విశ్రాంతి.

జానపద కళల్ని వీడియో తీసి భద్రపరిచే చిన్న ప్రభుత్వ విభాగం మాది. కెమెరా పనిలో అసిస్టెంటు, కెమెరామన్, సీనియర్ కెమెరామన్ అని మూడు మెట్లుండేవి. పైన డిప్యూటీ డైరెక్టరు గారు. ఒక్కో చిత్రానికి ఒక్కో దర్శకుణ్ణి బయటినుంచి పిలిచేవారు. ఈసారి వచ్చినావిడ సుజాత గారు, విజయనగరం మనిషి. మూడు తరాలుగా గుడిలో వయొలిన్ సేవ చేసిన ఇల్లు. పాటని ముక్కలుగా వినడం ఆవిడకి చేతకాదు.

పెద్దవల గురించి కాస్త చెప్పాలి. దాని ఒక కొసకి కట్టిన మోకు, అంటే లావు తాడు, ఒడ్డున కొంతమంది పట్టుకుని నిలబడతారు. తెప్ప మిగతా వలని సముద్రంలోకి తీసుకెళ్లి, చుట్టూ తిప్పి, రెండో మోకు మరోచోట ఒడ్డుకి చేరుస్తుంది. ఇక రెండు జట్లూ లాగడమే. గంటన్నర పైనే పడుతుంది. ఒకడు పాడతాడు, అందరూ 'ఐలెస్సా' అంటూ అందుకుంటారు. ఆ పాటకి మా ఊళ్లో రెండు కట్టుబాట్లు. మొదలైతే ఆగకూడదు. ఒకసారి పాడిన చరణం ఆ పూట మళ్లీ పాడకూడదు. పాడితే వల అక్కడే మొరాయిస్తుందని నమ్మకం. మా భాషలో చెప్పాలంటే, దానికి రెండో టేకు లేదు.

పాడేది నూకరాజు మావ. మేము వెళ్లిన రోజే విషయం తేల్చేశాడు.

"ఒరే అప్పన్నా, వచ్చే నెల్లో గొంతు కోసేస్తారట్రా. పెద్దాసుపత్రిలో రాసేసినారు. ఆ మీద పాట నేదు, గీట నేదు. సైగలే. మీ అత్తకి పండగే."

అత్త నవ్వలేదు. సుజాత గారూ నవ్వలేదు. ఎల్లుండి పొద్దున్న మావ పాడతాడు. ఆ తరవాత వైద్యుడు ఏ వారమైనా పిలవొచ్చు. ఎల్లుండి దొరికిందే దొరికినట్టు.

మా పాత భుజం కెమెరాలు అప్పటికి పనికిరానివిగా రాసేసి స్టోరుకి పంపేశారు. వాటి బదులు వచ్చింది అరచేతిలో పట్టే ఫోటో కెమెరా. వీడియో కూడా తీస్తుంది. ఆ బొమ్మని నేను పొగడకుండా ఉండలేను. తెల్లారగట్ల మంచులో సముద్రాన్ని తీస్తే, నీరెక్కడ అయిపోయిందో ఆకాశమెక్కడ మొదలైందో తెలియదు. మంచులోంచి తెప్ప వస్తుంటే, చిన్నప్పుడు నిద్రకళ్లతో ఒడ్డుకి పరిగెత్తి చూసిన తెప్పే మళ్లీ వస్తున్నట్టుంటుంది. అన్నేళ్ల చాకిరీలో అలాంటి బొమ్మ నా చేత ఏ కెమెరా తీయించలేదు.

మర్నాడు వేరే జట్టు వల లాగుతుంటే పరీక్షకి కెమెరా పెట్టాను. అరగంట కాగానే దానంతట అదే ఆగిపోయింది. కార్డు నిండలేదు, బ్యాటరీ అయిపోలేదు. మళ్లీ నొక్కితే మళ్లీ తీస్తుంది, అరగంటకి మళ్లీ ఆగుతుంది. మేమంతవరకు ఆఫీసులో ఇంటర్వ్యూలే తీశాం, అవేవీ అంత సాగలేదు. విశాఖలో మాకు సరుకిచ్చిన డీలరుకి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా, అది లోపం కాదని, కంపెనీయే అలా పెట్టిందని చెప్పాడు. అరగంట దాటి తీస్తే కొన్ని దేశాల్లో దాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి సుంకం ఎక్కువ వేసేవారట. పైగా ఈ చిన్నదే అన్నీ చేసేస్తే కంపెనీ పెద్ద కెమెరాలు ఎవరు కొంటారని అడిగాడు. లోపలి చిప్పు రెండింటిలోనూ ఒకటేనట. మరి ఈ కట్టు విప్పే దారి లేదా అంటే, పెద్దది కొనుక్కోమన్నాడు.

మా గురయ్య బావ మోకు మీద చెయ్యి వేసుకుని ఇదంతా విన్నాడు.

"ఇంత సదువు సదివి ఆగిపోయే మిసను కొన్నావేటి బావా?"

"అది ఆగట్లేదు బావా. ఆపేస్తన్నారు."

"ఎవులు?"

"సేసినోళ్లు."

"అదేటి! మన తెప్ప సేసిన వడ్రంగి, అరగంటకి మునిగిపోవాలని బెజ్జం పెట్టి ఇస్తాడేటి?"

 

సుజాత గారు మరో దారి వెతికారు. "నూకరాజు గారూ, మధ్యలో ఒక్క నిమిషం ఆగితే అప్పన్న గారు మళ్లీ నొక్కుకుంటారు. కుదురుతుందా?"

"నాం ఆగుతాం మేడమ్," అన్నాడు గురయ్య. "సంద్రాన్ని మీరాపండి."

ఒడ్డంతా నవ్వింది. మావ చెయ్యెత్తి వాళ్లని కసిరాడు. "ఎందుకురా ఇకిలింపులు? ఆయమ్మకేటి తెలుస్తాది." ఆవిడ వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "సూడమ్మా, మోకు సడలితే వల ఎనక్కెళ్లిపోద్ది. పాటా అంతే. నాను ఊపిరి తీసుకున్నప్పుడు ఈళ్లు పాడతారు. ఈళ్లు తీసుకున్నప్పుడు నాను. ఎవులో ఒకలు పాడతానే ఉంటారు."

ఆ మాటకి నేను లాగుడు వైపు చూశాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మోకు చివర ఉన్నవాడు తన చేతికందినంత లాగాక, దాన్ని వదిలి ముందుకి నడిచి, నీళ్ల దగ్గర మళ్లీ పట్టుకుంటాడు. అయితే ముందు ఒకడు పట్టాకే వెనకవాడు వదులుతాడు. మోకు మీద చేతులు మారుతుంటాయి, పట్టు మాత్రం పోదు. రెండు కెమెరాలుంటే నేనూ అదే చెయ్యొచ్చు. ఒకటి ఆగకముందే రెండోది మొదలవ్వాలి. సుజాత గారు ఒకే షాటు అనుకున్నారు. రెండు కళ్లు పక్కపక్కనే పెడితే ఒక చూపే అవుతుంది కదా అన్నాను. ఆవిడ సరేనన్నారు.

అదే మోడల్ ఆమదాలవలసలో ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు దగ్గరుందని తెలిసి, ఆ సాయంత్రమే వెళ్లాను. ఆయన నా కష్టం విని ఎంత సంతోషించాడో! తన బాధ తెలిసినవాడొకడు దొరికాడని.

"మాకిది మామూలే సార్. జీలకర్ర బెల్లం ముందు ఓపాలి ఆపేసి కొత్తగా నొక్కుకుంటాం. నేకపోతే తాళి కట్టేటప్పటికి ఆగిపోద్ది. అయితే ఎండలో ఎట్టకండి. ఏడెక్కితే అరగంట కూడా ఉండదు."

ఎండ సంగతి నాకు తెలుసు. కానీ సముద్రపు గాలి ఉంది, మంచు ఉంది, మాఘమాసం. సరిపోతుందనుకున్నాం.

మర్నాడు పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందంటే తెప్ప కనబడకముందే తెడ్ల చప్పుడు వినిపించింది. రెండు ట్రైపాడ్లు పక్కపక్కన పెట్టాను. మావ మెడలో తువ్వాలుకి చిన్న మైకు తగిలించాం. దాని తీగ నడుముకి కట్టిన సౌండ్ రికార్డరులోకి పోతుంది. ఆ రికార్డరు చేసినవాళ్లకి ఏ హద్దూ పెట్టాలని తోచినట్టు లేదు, రోజంతా ఆన్‌లో పెట్టినా పలుకుతూనే ఉంటుంది.

"తూరుపు తెల్లారె," అన్నాడు మావ.

"ఐలెస్సా."

"తోకాడె సేపలు."

"ఐలెస్సా."

మంచులో మనుషులు సగం సగం కనిపిస్తున్నారు. ఒకసారి చేతులు, ఒకసారి వీపులు, ఒకసారి ఒట్టి మోకు. మావ గొంతు గాలిలా కాదు, నీళ్లలా వచ్చింది, కాళ్ల కిందినుంచి. గాలిని పిలిచాడు, కొత్త పెళ్లికొడుకుని ఆటపట్టించాడు, తెప్ప మీద అలిగి మళ్లీ రాజీపడ్డాడు. మొదటి కెమెరా ఆగకముందే రెండోది నొక్కాను. రెండోది ఆగకముందే మొదటిది. అలా చేతులు మారుస్తుంటే నాకూ ఒక లయ వచ్చేసింది. నేనూ లాగుతున్నట్టే ఉంది.

అప్పుడు మంచు విడిపోయింది. ఎండ పడింది. మూడో విడత మధ్యలో మొదటి కెమెరా తెర మీద వేడి గుర్తు వెలిగింది, ఆ వెంటనే కెమెరా ఆగిపోయింది. రెండోది నొక్కితే, అదీ ఇంకా కాగుతోంది, అదే గుర్తు చూపించి ఊరుకుంది.

సరిగ్గా వల బరువెక్కే చోటది. సంచి, అంటే చేపలు చేరే వల అడుగుభాగం, ఇసుక పట్టుకుని కదలదు. అక్కడ పాడేవాడు, ఒకప్పుడు ఈ వల లాగి ఇప్పుడు లేనివాళ్లని పేరుపేరునా పిలుస్తాడు, వాళ్ల చెయ్యి కూడా వెయ్యమని. నేను బ్యాటరీ మూతలు తెరిచి, కెమెరాల్ని తాటాకు బుట్ట నీడలో పెట్టాను. సుజాత గారు ఫైలు అట్టతో విసురుతున్నారు. నా వెనక మావ పిలుస్తున్నాడు.

"ఓ గున్నయ్యా, ఓ సెయ్యెయ్యి."

"ఐలెస్సా."

"ఓ సింహాద్రీ, ఓ సెయ్యెయ్యి."

సింహాద్రి మా నాన్న. నేను తల తిప్పలేదు. కెమెరా మీద చెయ్యి పెట్టి చూశాను, ఇంకా వేడిగానే ఉంది.

అది చల్లబడి మళ్లీ తీయడం మొదలుపెట్టేసరికి పేర్లు అయిపోయాయి. సంచి ఒడ్డెక్కుతోంది. చివరి చరణం, చేపలు, పిల్లల కేరింతలు అన్నీ వచ్చాయి. మధ్యలో ఆ కాసిన్ని నిమిషాలు బొమ్మ లేదు. గొంతు మాత్రం ఉంది, చెక్కుచెదరకుండా.

ఎడిటింగు గదిలో దాని మీదే గొడవ. ఎడిటరు ఆ ఖాళీలో అలలు, కొంగలు పెట్టేద్దామన్నాడు. అది మామూలుగా అందరూ చేసే పని. సుజాత గారు ఒప్పుకోలేదు. చూడనిదాన్ని చూసినట్టు చూపించకూడదని, తెర నల్లగా ఉంచి పాట మాత్రం వినిపించమని పట్టుబట్టారు. డిప్యూటీ డైరెక్టరు గారు నిబంధనలు తీశారు. తెర నల్లబడితే అది సాంకేతిక లోపం, భద్రపరచడానికి పంపకూడదు. చివరికి ఒక మధ్యేమార్గం ఒప్పుకున్నారు. ముందు ఊళ్లో ఒకసారి వేసి చూద్దాం, జనం విసుక్కుంటే అలలు పెట్టేద్దాం.

భావనపాడులో ఒక సాయంత్రం పొద్దు వాలగానే చేపల వేలం షెడ్డులో దుప్పటి కట్టి వేశాం. డిప్యూటీ డైరెక్టరు గారూ వచ్చారు. మావ ముందు వరసలో వలకుప్ప మీద కూర్చున్నాడు. గొంతుకి కట్టు. ఆపరేషను అయి అప్పటికి కొన్నాళ్లయింది. మాట లేదు. గురయ్య తెర మీద తన పొట్ట చూసుకుని, "ఒలమ్మో, నానంత లావున్నానేటి?" అంటే షెడ్డంతా కేకలు.

తెర నల్లబడింది. ఎవరో ఈల వేశారు. ఎవరో "కరెంటెల్లిపోనాదా?" అన్నారు. ఆ చీకట్లోంచి మావ గొంతు వచ్చింది.

"ఓ గున్నయ్యా, ఓ సెయ్యెయ్యి."

రికార్డరులోని జట్టు 'ఐలెస్సా' అంది. దానితో పాటు షెడ్డులో కుడిపక్కనుంచి ఇంకొక గొంతు కూడా అంది. గున్నయ్య గారి కోడలు. తరవాతి పేరుకి ఆ ఇంటివాళ్లు. ఆ తరవాతి పేరుకి ఇంకొకరు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ముందు అనుకోలేదు. పేరు పిలిస్తే ఆ ఇంట్లోంచి జవాబు వస్తోంది. మావ రెండు వేళ్లతో మోకాలి మీద దరువు వేస్తున్నాడు. సింహాద్రి పేరు వచ్చినప్పుడు నేను ప్రొజెక్టరు పక్కన నిలబడి 'ఐలెస్సా' అన్నాను. కాలేజీలో చేరాక నేను ఆ మాట గట్టిగా అనడం అదే మొదలు.

బొమ్మ తిరిగి వచ్చింది.  మర్నాడు డిప్యూటీ డైరెక్టరు గారు ఫైలు మీద 'నలుపు దర్శకురాలి నిర్ణయం, ఉంచవచ్చు' అని రాసి సంతకం పెట్టారు.

ఆ తరవాత వచ్చిన కెమెరాల్లో ఆ అరగంట హద్దు చాలావరకు తీసేశారు. ఇప్పుడు వేరే హద్దులు పెడుతున్నారని కుర్రాళ్లు చెబుతున్నారు. నాకు ఆ డ్యూటీ నేర్పింది ఒకటే. కెమెరా చేసేవాడికి, మనం తీసే పని ఎంతసేపు సాగుతుందో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ అతనికి లేదు. తెలియాల్సింది తీసేవాడికి. అందుకే మిగిలిన సర్వీసులో కెమెరా కొనమని నేను పెట్టిన ప్రతి ఇండెంటులోనూ బొమ్మ నాణ్యత కంటే ముందు, మేము తీయబోయే వాటిలో ఆపకుండా అన్నిటికంటే ఎక్కువసేపు సాగేది ఏమిటో రాసేవాణ్ణి. అంతసేపు ఎండలో నిలవని కెమెరా ఎంత అందంగా తీసినా వెనక్కి పంపేవాణ్ణి.