గుండుకు జుట్టు పెట్టే పని

అలిపిరి దారిలో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో నా పని గుండుకు జుట్టు పెట్టడం. నవ్వకండి, తిరుపతిలో అదొక పనే. మా చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఫోటో దిగేదే కొండకు పోయినప్పుడు. మొక్కు తీర్చుకుని, గుండుకు చందనం పూసుకుని, ఇంటిల్లిపాదీ వరసగా నిలబడతారు. తర్వాత ఆ మనిషి పోతే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో తలమీద వెంట్రుక ఉండదు, మూతిమీద మీసం ఉండదు. దాన్నే పట్టుకుని మా దగ్గరికి వచ్చేవారు.

పెళ్లికి ముందు ఈ పని కళ్లు మూసుకుని చేసేదాన్ని. పెళ్లయి శ్రీకాళహస్తి పోయాక కొన్నేళ్లు కంప్యూటర్ మొహం చూడలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మళ్లీ మా నాయన ఇంటికే వచ్చి పడ్డాను. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. నాయన నన్ను ఒక్క మాటా అడగలేదు. అడిగినా బాగుండేది, నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని. ఆ మౌనం కింద కూర్చుని తినలేకే మళ్లీ ఉద్యోగానికి పోయాను.

"అంతా గుర్తుండాది కదమ్మా?" అని అడిగాడు స్టూడియో ఓనరు.

"ఉండాదన్నా" అనేశాను.

ఏం గుర్తుండాది, నా మొహం! మొదటి రోజు పొద్దున సాఫ్ట్‌వేర్ తెరిచాను. అది కొత్త రకం. నొక్కే బొమ్మలన్నీ చోట్లు మారి ఉన్నాయి. పాతవి కూడా దేనికి ఏది నొక్కాలో తట్టలేదు. ఓనరు నా వెనకే నిలబడి ఉంటే, ఏదో చేస్తున్నట్టు మౌసును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

అప్పుడే సత్యవేడు వైపు నుంచి ఒకవ్వ వచ్చింది. భర్త పోయాడు, పెద్దకర్మ మరుసటి రోజు. కొంగు ముడి విప్పి ఫోటో ఇచ్చింది.

"గుండుతో దండేస్తే బాగుండదంట. రోంత జుట్టు పెట్టి ఇయ్యి పాపా" అంది.

"మధ్యాహ్నానికి ముగించు. అవ్వ బస్సుకు పోవాల" అని చెప్పి ఓనరు బయటికి పోయాడు. అవ్వ స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పరిస్థితి.

ఫోటో స్కాన్ చేశాను. మా దగ్గర ఉత్త జుట్లే దాచిన ఫోల్డర్ ఒకటుండేది. నల్లవి, నెరిసినవి, ఉంగరాలు తిరిగినవి. నెరిసిన జుట్టొకటి తెచ్చి తలమీద పెడితే, దాని వెనకున్న తెల్లరంగు కూడా పలకలాగా వచ్చి ఆయన నుదురు మూసేసింది. తీయబోతే ఒక చెవి పోయింది. అరచేతులు చెమట పట్టి మౌసు జారుతోంది. రేపటినుంచి నాయన ముందు ఏ మొహంతో తినాలి అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. అవ్వ అంతా చూస్తూనే ఉంది.

ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరవసాగింది. చేసిందంతా పోతుందనుకున్నాను. కానీ నేను ఆలోచించేలోపే నా ఎడమచెయ్యి రెండు మీటలు కలిపి నొక్కి పనిని సేవ్ చేసేసింది. నేను చెప్పలేదు, అదే చేసింది.

కరెంటు వచ్చాక తలకు పని చెప్పడం మానేసి చేతులను వదిలేశాను. పోయిన చెవి తిరిగి వచ్చింది. జుట్టు వేరే లేయరుగా, గాజుపలక మీద గీసినట్టు, ఆయన తలపైన కుదురుకుంది. అంచులు మెత్తబడ్డాయి. మీసం కూడా వచ్చింది. భయం పోలేదు కానీ చేతుల్లోంచి దిగి ఎక్కడో మోకాళ్లలో ఉండిపోయింది.

"అవ్వా, పాపిడి ఏ పక్క?" అన్నాను.

"ఎడమ" అంది. తిప్పాను. "కాదు కాదు, కుడి." మళ్లీ తిప్పాను. ఆమె తెరకు దగ్గరగా వంగింది. "ఇదెవురో... మా ఆయన మాదిరి లేడే" అంది.

ఆ గొంతులోని భయం ముందు పొద్దున నేను పడ్డది ఒక భయమా అనిపించింది. ఏం చేయాలో తోచక లేయరు పక్కనున్న కన్ను గుర్తు నొక్కాను. జుట్టు, మీసం మాయమై, చందనం పూసిన గుండు బయటపడింది.

"ఆ, ఈయనే" అంది అవ్వ. "ఇట్లే ఇచ్చేయి పాపా. ఎవురేమన్నా అనుకోనీ."

గుండుతోనే ఇస్తే, దీనికి పని రాదు అనుకోడా ఓనరు? అనుకున్నంతా అయింది. ఆయన వచ్చి ప్రింటు చేతికి తీసుకుని, "గుండు అట్లే ఉండాదే! మర్చిపోయినావా ఏందమ్మా?" అన్నాడు.

"పాపకు అంతా గుర్తుండాదప్పా. బాగానే పెట్టింది" అంది అవ్వ, ఫోటోను కొంగులో చుట్టుకుంటూ. "నాకే ఆయన పాపిడి ఏ పక్కో గుర్తు రాలే. అంతకాలం కాపురం చేసినాను."

కన్ను గుర్తు మళ్లీ నొక్కాను. ఓనరు తెరమీద నేను పెట్టిన జుట్టు చూశాడు. "రేపు రోంత తొందరగా రామ్మా" అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే ఉద్యోగం నిలిచిందన్న సంతోషం రాలేదు. ఇంకేదో గుబులు. నాయన గడపలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెప్పులు విప్పకుండానే ఆయన ముందు నిలబడ్డాను.

"ఏందిమ్మా, అట్ట సూస్తా ఉండావు?" అన్నాడు. శ్రీకాళహస్తి నుంచి వచ్చేశాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

నాయన పాపిడి కుడివైపు. దారిపొడుగునా ఎడమవైపనే అనుకుంటూ వచ్చాను.