బంతి దీక్ష

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున్న, జగిత్యాల దగ్గర తన ఊళ్ళో, పళ్ళు తోముకుంటూ పెరట్లోనే కూలబడిపోయారట. ఆస్పత్రి దాకా వెళ్ళే పనే లేకపోయింది. గుండె అన్నారు. ఫోన్ చేసిన వాళ్ళ పక్కూరి మేస్త్రీ "టీచరమ్మా, సారు వోయిండు" అని పెట్టేశాడు. నేనిక్కడ బహ్రెయిన్లో ఉప్మాకి ఎసరు పెట్టుకుని నిలబడి ఉన్నాను. నీళ్ళు మరిగి మరిగి గిన్నె మాడిపోయింది.

గంట తిరక్కుండానే పాత విద్యార్థుల గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. ఒకరు "శాంతమూర్తి" అని రాశారు, ఇంకొకరు "అజాతశత్రువు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, చెబుతాను. కానీ అబద్ధం చెప్పను. ఆయన శాంతమూర్తి కాదండీ, మొండిఘటం. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. స్టాఫ్ రూంలో ఆయనతో దెబ్బలాడనివాళ్ళు లేరు, అందరికన్నా ఎక్కువ దెబ్బలాడింది నేను. ఈ నాలుగు మాటలు రాసే హక్కు నాకు అక్కడే వచ్చింది.

మేమిద్దరం ఇక్కడ ఒకే ఇండియన్ స్కూల్లో పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, మాది భీమవరం. ఆయన "దుబాయి పోతున్న" అని ఊళ్ళో చెప్పి బహ్రెయిన్లో దిగిన మనిషి. వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే. పెట్టెలో డ్రిల్లు ట్రైనింగ్ సర్టిఫికెట్ పెట్టుకుని ఆరేళ్ళు ఇటుకలు మోశారు. అస్కర్‌లో లేబర్ క్యాంపు. శుక్రవారాలు క్యాంపు వెనకాల నాలుగు చెప్పులు పాతి గోల్ స్తంభాలనుకుని ఆడేవారట. అలా ఆడుతుంటే ఎవరో చూసి మా స్కూలుకి చెప్పారు.

ఆయన పిల్లల మొహం చూసేవారు కాదు, బూట్లు చూసేవారు. ఏ బూటు ఏ వైపు అరిగిందో చూసి వాడు ఏ కాలితో కొడతాడో, ఎక్కడ బద్ధకిస్తాడో చెప్పేసేవారు. ఎవరి బూటన్నా నోరు తెరిస్తే టిఫిన్ టైంలో దబ్బనం తీసి తనే కుట్టేవారు. స్కూలు విడిచేదాకా కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు, అన్నం కూడా నిలబడే తినేవారు. నన్ను కవ్వించకపోతే ఆ అన్నం అరిగేది కాదేమో. "టీచరమ్మా, మీ పద్యాలకు పోరగాళ్ల నోళ్లు మంచిగ తిరుగుతయి గని కాళ్లు తిరుగయి" అనేవారు. "కాళ్ళు తిరిగినవాళ్ళు ఊరంతా తిరుగుతారండీ, మార్కులు రావు" అనేదాన్ని నేను.

కరోనా వచ్చింది. స్కూలు మూసేశారు. ఇంటర్ స్కూల్ ఫుట్‌బాల్ సీజన్ రద్దయింది. రెండో ఏడు కొంచెం తలుపులు తెరిచారు గానీ సీజన్ మళ్ళీ రద్దే. పన్నెండో క్లాసు పిల్లలు తొమ్మిది నుంచి ఆ టీములో ఉన్నవాళ్ళు. ఇంకో మూడు నెలల్లో స్కూలు వదిలి తలో దిక్కూ పోతారు. మాస్టారు పక్క స్కూలు డ్రిల్లు మాస్టారుతో మాట్లాడుకుని, ఫోన్లో జరిగిన స్టాఫ్ మీటింగ్‌లో ఒక్క మాట అడిగారు. ఒకే ఒక్క మ్యాచ్, కర్జకాన్ దగ్గరి గ్రౌండ్‌లో, చూసేవాళ్ళెవరూ లేకుండా.

ముందు అరిచింది నేనే. అరవనూ మరి? మొదటి కరోనాలో మా అన్నయ్య పోయాడు. చివరి చూపు ఫోన్లో చూశాను, అది కూడా సిగ్నల్ సరిగా లేక ఆగి ఆగి వచ్చింది. విమానాలు లేవు. నేను ఇక్కడ వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

"బుద్ధి ఉందా మాస్టారూ మీకు? పిల్లలు బతికుంటే చాలు, బంతి ఎవడికి కావాలి?" అన్నాను అందరి ముందూ.

ఆయన మెల్లిగా అన్నారు. "బతికున్నమని వాళ్లకెట్ల తెల్వాలె టీచరమ్మా?"

నేను కోపంతో ఫోన్ కట్టేశాను. ఆ మాట మాత్రం కట్టయి పోలేదు. ఆ నెలంతా నా ఆన్‌లైన్ క్లాసులో ఆ పిల్లలే. పేరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అనేవారు. కెమెరా పెట్టమంటే ఒక్కడూ పెట్టేవాడు కాదు. కెప్టెన్ అయితే నెల రోజులుగా గొంతే విప్పలేదు. మా క్లాసులో గోల చెయ్యడంలో కూడా వాడే కెప్టెన్. అలాంటివాణ్ణి "ఏరా, ఉన్నావా?" అని నేను నాలుగుసార్లు అడగాల్సి వచ్చేది.

ఒక వారం తర్వాత పుస్తకాలు పంచడానికి స్కూలుకి వెళ్తే మాస్టారు గేటు దగ్గర కాచుకుని ఉన్నారు. ఆరడుగుల దూరంలో నిలబడి, ఉన్నట్టుండి "మీ భీమవరంల అయ్యప్ప మాల ఏస్తరా టీచరమ్మా?" అని అడిగారు.

"ఎందుకు వెయ్యరూ? మా అన్నయ్య పద్దెనిమిదేళ్ళు వేశాడు. గురుస్వామి."

"మాల ఏసినప్పుడు ఇంట్ల ఎట్లుంటుండె?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. వేరే కంచం, వేరే గ్లాసు. చాప వేసుకుని ఒక్కడే పడుకునేవాడు. ఎవర్నీ ముట్టుకోడు, బయట మంచినీళ్ళు కూడా తాగడు. మేం పిల్లలం పొరపాటున తగిలితే వెళ్ళి మళ్ళీ స్నానం చేసేవాడు. చెబుతుంటే అన్నయ్య నల్లపంచె కళ్ళ ముందు ఆడింది.

"దూరం దూరం ఉండుమని టీవీల రోజు ఒర్రేది గదే కద," అన్నారాయన. "మనోళ్లకు ఎరికలేని ముచ్చటా ఇది? మండలం దీక్షకు టైం లేదు, అర్ధమండలం చేపిస్త. ఇరవై ఒక్క రోజు. మాస్కే మాల. మాల తీసినోడు గ్రౌండు ఎక్కడు. మీ అన్న పాటించినవన్నీ కాయితం మీద రాసియ్యుండ్రి."

రాసిచ్చాను. ఎందుకు రాసిచ్చానంటే అన్నయ్య కోసం. ఆ రెండేళ్ళలో వాడి గురించి నన్ను "పాపం" అనకుండా మాట్లాడించిన మొదటి మనిషి ఆ మొండిఘటమే.

ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం చూసి, ముక్కులో పుల్ల పెట్టే పరీక్షలు కూడా ఉండాలని కలిపి సంతకం పెట్టారు. పక్క స్కూలు టీముతో పాటు మా పిల్లలు పదహారు మంది దీక్ష పట్టారు. అందరూ తెలుగువాళ్ళేం కాదు. మలయాళీ పిల్లాడి తల్లి వినగానే నవ్వేసి, కొడుక్కి ఆ పూటే చాప వేరు చేసిందట. "రంజాన్ కంటే ఈజీయే సార్, ఇందులో తినొచ్చు కదా" అన్నాడు ఇంకో కుర్రాడు. ఒంటిగది ఫ్లాట్లలో ఫ్రిజ్ పక్కన చీర కట్టి వేరే గది అనుకున్నారు. దీక్షలో అందరూ స్వాములే కదా, ఇక్కడ అందరూ కెప్టెన్లే అని మాస్టారు రూలు పెట్టారు. అసలు కెప్టెన్ కూడా జూనియర్ని "కెప్టెన్" అనే పిలవాలి. ఐదుగురేసి చొప్పున గ్రౌండ్‌కి వచ్చి, ఎడంగా నిలబడి ప్రాక్టీసు చేసేవారు. గ్రౌండ్ లోపలికొచ్చే పెద్దవాళ్ళకి కూడా దీక్ష తప్పదన్నారు. మాస్టారు పట్టారు. ఆయన ఎక్కడ తప్పుతారో పట్టుకుందామని నేనూ పట్టాను.

రోజూ ఆయనది ఒకటే పాట. "గెలుసుడు ఓడుడు తర్వాత. ముందుగాల రావాలె." నాలుగో రోజు నా క్లాసులో కెప్టెన్ కెమెరా వెలిగింది. జుట్టు దువ్వుకుని ఉన్నాడు వెధవ. నేను కళ్ళద్దాలు తుడుచుకునే వంకతో రెండు నిమిషాలు పాఠం ఆపాను.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశారు. "టీచరమ్మా, నా దీక్ష చెడింది."

సంగతేమిటంటే, అస్కర్ క్యాంపులో వాళ్ళ పక్కూరి మేస్త్రీ ఒకతను జ్వరంతో గదిలో ఒంటరిగా పడి ఉన్నాడు. తోటివాళ్ళు భయపడి గడప తొక్కడం లేదు. ఈయన గంజి కాచి తీసుకెళ్ళి, అంబులెన్సు వచ్చేదాకా పక్కనే కూర్చుని తాగించారు.

నాకు తిక్క రేగింది. "ఎవరు వెళ్ళమన్నారండీ మిమ్మల్ని? పద్దెనిమిది రోజులు పిల్లల్ని కట్టి పడేసి మీరిలా చేస్తారా? గిన్నె గుమ్మం దగ్గర పెట్టి రాకూడదూ?"

"పెట్టి వద్దమనే వోయిన. వాడు లేచి తీస్కునేటట్టు లేడు టీచరమ్మా. రెండు దినాలాయె ఏం తినక. సూసుకుంట ఎట్ల రావాలె?"

మా అన్నయ్య వార్డులో ఉన్నప్పుడు ఇలా గడప దాటి వెళ్ళిన మనిషి ఒక్కడుంటే ఎంత బావుండేదో నాకు తెలుసు. ఆ మేస్త్రీ బతికాడు, తర్వాత ఊరికి చేరాడు. పోయిన శుక్రవారం నాకు ఫోన్ చేసింది అతనే, మాస్టారి పాడె మోసిందీ అతనే.

మాస్టారికి పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. మర్నాడు మళ్ళీ చేశారు, ఏమీ లేదు. టీకాలు రెండూ అయ్యాయి, వెళ్ళొచ్చని ఆస్పత్రివాళ్ళే చెప్పారు. ప్రిన్సిపాల్ గారు రమ్మన్నారు. పిల్లలు బతిమాలారు. నేను కూడా, ఆశ్చర్యమేముంది, బతిమాలాను.

"గవర్నమెంటు లెక్కల నేను మంచిగనే ఉన్న," అన్నారు. "నా లెక్కల లేను. మాల తీసినోడు గ్రౌండు ఎక్కడని చెప్పింది ఎవ్వలు? నేనే కద. నేను తప్పితే రేపు ఏ పోరడు నా మాట ఇంటడు? మీరున్నరు కద లోపల. మీరే చూస్కోండ్రి."

అలా, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియని నేను, మ్యాచ్ రోజున గంజిపెట్టిన కాటన్ చీరలో గీత పక్కన కోచ్‌లా నిలబడ్డాను. మాస్టారు మట్టిరోడ్డు మీద, కంచెకి నాలుగు బారల అవతల, ఒక నీళ్ళ ట్యాంకర్ నీడన. మధ్యలో ఇనప జల్లెడ కంచె. చెవిలో ఫోన్ పెట్టుకుని నేను వినడం, విన్నది అరవడం. "ఎడమ దిక్కు ఖాళీ ఉన్నదని చెప్పుండ్రి" అనేవారాయన. "ఒరేయ్, ఎడమ వైపు ఖాళీరా సన్నాసుల్లారా!" అని నేను. సన్నాసి అన్న మాట నా సొంతం. గ్యాలరీలో పురుగు లేదు, గాలికి దుమ్ము లేస్తోంది. ఆ పిల్లల కేకలు మాత్రం ఊరంతా వినపడి ఉంటాయి. రెండేళ్ళ కేకలు అవి.

ఒకటి వాళ్ళు కొట్టారు, ఒకటి మనవాళ్ళు. ఆట సమమై పెనాల్టీలకి వచ్చింది. టాస్ మన కెప్టెన్ గెలిచాడు. ఏ గోల్ వైపు కొడతారని రిఫరీ అడిగితే వాడు పడమటి వైపు చూపించాడు. సూర్యుడు సరిగ్గా అటే దిగుతున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? ఎండ కళ్ళలో పడుతుందిరా!" అన్నాను.

"సార్ అటున్నారు టీచర్," అన్నాడు.

మాస్టారు ట్యాంకర్ నీడ వదిలి, ఆ గోల్ వెనకాలికి, కంచెకి అదే దూరంలో వచ్చి నిలబడ్డారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు.

ఇరువైపులా నాలుగేసి కొట్టారు, అన్నీ పడ్డాయి. వాళ్ళ ఐదోది కూడా పడింది. మన ఐదోది కెప్టెన్. ఎండలో కళ్ళు చికిలిస్తూ పరిగెత్తుకెళ్ళి కొట్టాడు. బంతి అడ్డకర్ర మీద నుంచి, కంచె మీద నుంచి పోయి మట్టిరోడ్డు మీద పడింది. రిఫరీ విజిల్ వేశాడు. అయిపోయింది. కెప్టెన్ ఉన్నచోటే చతికిలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. దగ్గరికెళ్ళి భుజం తట్టడానికి ఎవరికీ వీల్లేదు. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ, చేతులు వేలాడేసుకుని నిలబడిపోయారు.

బంతి దొర్లుకుంటూ వెళ్ళి మాస్టారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన కదల్లేదు. దీక్ష చెడినవాళ్ళు ముట్టుకున్నది లోపలికి రాకూడదు, నా చేతిరాతతో కాగితం మీద ఉన్న రూలది. ఆయన బంతిని చూశారు. తర్వాత నన్ను చూశారు. అన్నేళ్ళలో ఆయన నన్ను అనుమతి అడగడం అదే మొదలు.

ఆ చావుల మీద, ఆ ఫోన్ మీద, ఆ రెండేళ్ళ మీద ఉన్న కసంతా నా గొంతులోకి వచ్చింది.

"ఇంకా ఏం చూస్తారు మాస్టారూ? తన్నండి!"

తన్నారు. బంతి కంచె దాటి, గోల్ దాటి వచ్చి పడింది. "లెవ్ బిడ్డా!" ఆ కేక నాకు ఫోన్లో కాదు, నేరుగా గాల్లోనే వినపడింది. "ఖలాస్ అన్నదెవ్వడు? మళ్ల కొట్టు!"

స్కోరు పుస్తకం అప్పటికే మూసేశారు. అయినా అవతలి స్కూలు గోల్‌కీపర్, ఎవరూ అడక్కుండానే, విప్పిన గ్లౌజులు మళ్ళీ తొడుక్కుని వెళ్ళి స్తంభాల మధ్య వంగి నిలబడ్డాడు. కెప్టెన్ లేచాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, బంతిని గుర్తు మీద పెట్టి, ఎదురెండలోకి చూస్తూ నాలుగడుగులు వెనక్కి వేశాడు.