కనీషాయ్ ఎజే రాయించిన అర్జీ

సోవియట్ దేశం పోయి మూడేళ్ళయినా మా బడికి కొత్త చరిత్ర పుస్తకాలు రాలేదు. బిష్కెక్‌లో అచ్చవుతున్నాయని చెప్పేవారు. జలాలాబాద్ దాటి, కొండల కింద ఉన్న మా ఊరిదాకా అవి ఎప్పటికొస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని కనీషాయ్ ఎజే మాకు పాత పుస్తకంతోనే పాఠం మొదలుపెట్టింది. ఎజే అంటే అక్క. మా బడుల్లో పంతులమ్మలందరినీ అలాగే పిలుస్తాం.

"నలభయ్యో పేజీ తియ్యండి. మూడో పేరా దాకా నిజమే, చదువుకోండి. నాలుగోది కొట్టెయ్యండి. ఒరే తాలాయ్, ఇంకుతో కాదురా! పెన్సిలుతో."

"ఎందుకు ఎజే?"

"రేపు ఇంకెవరో వచ్చి అదే నిజమంటే? ఏం చేస్తావు, కొత్త పుస్తకం కొంటావా?"

మేమంతా నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఇరవయ్యేళ్ళుగా తానే చెప్పిన పాఠాన్ని తానే కొట్టేయించడం ఎలా ఉంటుందో ఆ వయసులో మాకేం తెలుసు? ఒక్కోసారి పేజీ తిప్పి, పెన్సిలు కింద పెట్టేసేది. తర్వాత, "ఇది నాకూ తెలీదర్రా. తెలుసుకుని చెప్తాను" అనేది. నాకు తెలీదు అని ఒక టీచరు నోట వినడం అదే మొదటిసారి.

పొట్టిగా, గట్టిగా ఉండేది. తలగుడ్డ వెనక్కి ముడేసుకుని, వాళ్ళాయన రబ్బరు బూట్లు తొడుక్కుని బురదలో టపటపా నడిచొచ్చేది. ఆయన పశువుల డాక్టరు. ఎజే కోటు జేబులో ఎప్పుడూ ఎండు ఆప్రికాట్లుండేవి. సరైన జవాబు చెప్తే ఏమీ ఇచ్చేది కాదు. మంచి ప్రశ్న వేస్తే మాత్రం ఒక పండు చేతిలో పెట్టేది. నా పేరు నూర్జాత్. ఎనిమిదో తరగతి మొత్తంమీద నాకు దొరికినవి నాలుగే నాలుగు.

మా కిర్గిజుల్లో ఏ పిల్లాడినడిగినా ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్తాడు. చెప్పలేనివాణ్ణి అనాథ అని ఎగతాళి చేస్తారు. ఎజే ఒకరోజు వరసగా అందరిచేతా చెప్పించింది. తాలాయ్ ఊపిరి తీసుకోకుండా ఏడుగురినీ చెప్పేసి, ఛాతీ విరుచుకుని కూర్చోబోయాడు.

"బాగుంది. ఇప్పుడు వాళ్ళ పెళ్ళాల పేర్లు చెప్పు."

కూర్చోబోయిన తాలాయ్ మళ్ళీ లేచాడు. "అవెవరికి తెలుస్తాయి ఎజే?"

"ఏరా, మీ తాతలు చెట్లకి కాశారా? వెళ్ళి కనుక్కుని రండి. వచ్చే వారం పాఠం అదే."

ఆ సాయంత్రం నేను మా అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఎండబెట్టడానికి పెరుగు ఉండలు చేస్తోంది. వాళ్ళమ్మ పేరు, ఆవిడ అమ్మ పేరు అడిగాను. అమ్మమ్మ చేతులాగిపోయాయి. "ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదే తల్లీ" అంది. తర్వాత పొయ్యిమీద టీ ఇగిరిపోయేదాకా చెబుతూనే ఉంది. వాళ్ళమ్మమ్మ చైనా వైపున్న కాష్గర్ నుంచి ఆవు తోక పట్టుకుని కనుమలు దాటిందట. దారిలో కన్న బిడ్డకి ఆ కనుమ పేరే పెట్టిందట. వారం గడిచేసరికి మా తరగతి గోడమీద ఏ పుస్తకంలోనూ లేని పేర్లు నలభై దాకా చేరాయి. నా దృష్టిలో చరిత్ర అంటే ఇప్పటికీ ఆ గోడే.

శనివారం ఆఖరి పీరియడ్ 'మనిషి, చట్టం'. దానికైతే పాత పుస్తకం కూడా లేదు. కొత్త రాజ్యాంగం పత్రికలో అచ్చయినప్పుడు ఎజే ఆ కాగితాలు కత్తిరించి, ఉన్ని దారంతో కుట్టుకుంది. మేం అందులోంచి వంతులవారీగా చదివేవాళ్ళం. అప్పుడప్పుడూ కోర్టు ఆట ఆడించేది. ఒకసారి బడి తోటలో దూరిన మేకమీద విచారణ జరిగితే, మేక తరఫు వకీలుగా నేనే గెలిచాను. కంచె వెయ్యనిది బడి కాబట్టి తప్పు బడిదేనన్నాను. కిటికీ బయట నిలబడి విన్న హెడ్మాస్టరు తోప్చుబాయ్ అగాయ్ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

అగాయ్ అంటే అయ్యవారు. ఆయన చెడ్డవాడు కాదు. చలికాలంలో పిల్లల వేళ్ళు కొంకర్లు పోకుండా చూడాలన్నదే ఆయన బెంగ. బొగ్గు సర్కారు నుంచి రావడం మానేసింది. ఊళ్ళో పొగాకు వేసే కామందు మామసాలి ఒక ఒప్పందానికొచ్చాడు: సెప్టెంబరులో పిల్లల్ని ఆకు కొయ్యడానికి పంపితే బడికి రెండు లారీల బొగ్గు. అలా ఆరో తరగతి నుంచి పైవాళ్ళందరం నెలరోజులు పుస్తకాలు పక్కన పడేసి పొగాకు చేలకి నడిచాం.

మంచు ఆరకముందే కోత మొదలయ్యేది. తడి ఆకు చంకలో పెట్టుకుని మోసేవాళ్ళం. మధ్యాహ్నం నుంచి దబ్బనాలతో ఆకులు దారానికి గుచ్చడం. చేతులకంటిన నల్ల బంక సబ్బుకి వదిలేది కాదు. పచ్చి టమాటా చిదిమి రుద్దుకునేవాళ్ళం. ఎజే కూడా మాతోపాటే వరసలో వంగి కోసేది. పదో రోజున తడి పొగాకు రసం ఒంటికెక్కి నాకు కళ్ళు తిరిగాయి. కడుపులో ఉన్నదంతా వాంతయిపోయింది. చెయ్యి ఎత్తుదామంటే వశం కాలేదు. ఎజే నన్ను కాలవ దగ్గరికి ఎత్తుకెళ్ళి, తడి చొక్కా విప్పించి, తన కోటు కప్పింది. "ఏం కాదమ్మాయ్, ఏం కాదు" అంటూనే ఉంది.

చేలపని రోజుల్లోనూ శనివారం మధ్యాహ్నం మాత్రం బడి ఉండేది. ఆ శనివారం సగం మందిమే తరగతిలో ఉన్నాం. చదివే వంతు తాలాయ్‌ది. ఎవరిచేతా బలవంతంగా పని చేయించకూడదు అన్న వాక్యం చదివి ఆగిపోయాడు.

"ఎజే, మరి మేం?"

మామూలుగా అయితే అలాంటి ప్రశ్నకి ఎజే చెయ్యి జేబులోకి వెళ్ళేది. ఆ రోజు వెళ్ళలేదు. సుద్దముక్క అందుకుంది. తర్వాతి వాక్యం చదవరా అంటే సరిపోయేది. మేమూ మర్చిపోయేవాళ్ళం.

"అది నోటితో అడిగే ప్రశ్న కాదు. కాగితం మీద అడగాలి. అర్జీ ఎలా రాయాలో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. బోర్డు మీద రాసింది. ఎవరికి, ఎవరి నుంచి, ఏం జరిగింది, ఏం కావాలి, తేదీ, సంతకం. "తిట్లు రాయకండి. జాలి పుట్టించాలనీ చూడకండి. జరిగింది రాయండి చాలు." మేం హెడ్మాస్టరు పేరిట రాశాం. నాకు వాంతయిన సంగతి తేదీతో సహా పెట్టాం. పదిహేడుమంది సంతకాలు చేశాం. మీరూ చెయ్యండి ఎజే అని కాగితం చాపితే తల అడ్డంగా ఊపింది.

"నేను చేస్తే అది నా అర్జీ అయిపోద్ది. ఇది మీది."

భయపడిందనుకుని నాకప్పుడు మనసులో కోపమొచ్చింది.

సోమవారం మేం చేలకి బయల్దేరకముందే తోప్చుబాయ్ అగాయ్ ఆ కాగితం పట్టుకుని మా గదికే వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటమ్మా కనీషాయ్ ఇది? పిల్లల్ని నామీదకి ఉసిగొల్పుతావా?"

"పాఠం చెప్పాను అగాయ్. తప్పులు దిద్ది మార్కులు కూడా వేశాను."

"చింపెయ్. ఎవరూ చూళ్ళేదనుకుందాం."

"నా చేత్తో దిద్దింది నేనే ఎలా చింపను? రాయించింది నేనే. ఎవర్నైనా అనాలంటే నన్నే అనండి."

"అంటాను సరే, బొగ్గెక్కణ్ణించి తేను? నీ రాజ్యాంగాన్ని పొయ్యిలో పెట్టనా?" ఆయన గొంతు హఠాత్తుగా సన్నబడింది. అప్పుడే అర్థమైంది నాకు, ఆయనా ఎవర్ని అడగాలో తెలియక తిరుగుతున్నాడని.

ఎజే మెల్లగా అంది: "ఆ మాట కూడా వీళ్ళనే అడగండి అగాయ్. చలికి వణికేది వీళ్ళేగా."

గురువారం సమావేశం పెట్టారు. తల్లిదండ్రులు బెంచీల మీద కూర్చుంటే, బల్ల దగ్గర హెడ్మాస్టరు పక్కన తాలాయినీ నన్నూ కూర్చోబెట్టారు. మూడు గంటలు అరుచుకున్నారు. మా నాన్న లేచి, "మా రోజుల్లో పత్తి తీశాం, చచ్చామా?" అన్నాడు. వెనక నుంచి మా అమ్మమ్మ, "నీ తమ్ముడికి ఆ పత్తి మందుతోనేగా ఊపిరితిత్తులు పాడయ్యాయి, నోరుమూసుకుని కూర్చో" అంది. చివరికి తేలిందేమిటంటే, పిల్లలు చేలకి వెళ్ళరు. పెద్దవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు నాలుగు ఆదివారాలు వెళ్తారు. మామసాలి ఒక్క లారీకే ఒప్పుకున్నాడు.

మా నాన్న మొదటి ఆదివారం చేతులకి బంకతో ఇంటికొచ్చి, "వకీలమ్మా, టమాటా ఎక్కడుందో చెప్పు" అన్నాడు. రుద్దుకుంటూ, అంతసేపూ తన వేళ్ళు కాక నా వేళ్ళే చూశాడు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

ఆ చలికాలం గెలిచినవాళ్ళలా ఏమీ గడవలేదు. ఒక్క లారీ బొగ్గు జనవరికే అయిపోయింది. తలా ఒక పిడక చంకలో పెట్టుకుని బడికెళ్ళేవాళ్ళం. సిరాబుడ్లు గడ్డకట్టేవి. అరగంట పాఠం, పది నిమిషాలు గంతులు. చేలకి వెళ్ళుంటే బాగుండేదని కొందరు గొణిగారు కూడా.

ఎజేకి మాత్రం దెబ్బ గట్టిగానే తగిలింది. సంగతి పైకి పాకింది. పైనుంచి ఎవరో చెప్పారన్నారు. ఎవరన్నది తెలియలేదు. మరుసటి ఏడు ఆవిడ నుంచి చరిత్రా చట్టమూ తీసేసి బొమ్మల పీరియడ్లు ఇచ్చారు. గీత సరిగ్గా గియ్యడం రాని మనిషి! గుర్రం గీస్తే మేకలా ఉండేది. "ఇది మన ముద్దాయే కదా ఎజే" అని తాలాయ్ ఏడిపిస్తే పకపకా నవ్వింది. కానీ ఒకరోజు బడి వదిలాక మా గోడ దగ్గర ఒంటరిగా నిలబడి, ఆ పాత ఆడవాళ్ళ పేర్లు పెదాలు కదుపుతూ చదువుకోవడం నేను చూశాను. పలకరించడానికి ధైర్యం చాలక వచ్చేశాను. అప్పటికి నా కోపం ఎప్పుడో పోయింది. ఆ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు. మూడో ఏడు తోప్చుబాయ్ అగాయే స్వయంగా తిరిగి ఆవిడ పీరియడ్లు ఆవిడకి ఇప్పించాడని విన్నాను. అప్పటికి నేను బడి దాటేశాను.

మాలో ఎవరూ వకీళ్ళు కాలేదు. తాలాయ్ లారీ తోలుతున్నాడు. నేను జలాలాబాద్‌లో బట్టలు కుట్టే కొట్టు నడుపుతున్నాను. ఎజే ముప్పై తొమ్మిదేళ్ళు అదే బళ్ళో చెప్పి దిగిపోయింది. పోయినేడాది ఫిబ్రవరిలో కన్నుమూసింది.

దానికి ముందు శరత్కాలంలో ఓటు వెయ్యడానికి ఊరికెళ్ళినప్పుడు ఆవిణ్ణి చూశాను. బడి హాల్లోనే పోలింగు. ఎజే పరిశీలకురాలిగా మూలన కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఒక ముసలి గొర్రెలకాపరిని భుజం పట్టుకుని కొడుకు తెరలోపలికి తీసుకెళ్ళబోయాడు.

"ఆగు నాయనా. నువ్వెక్కడికి?"

"మా నాన్నకి తెలీదు ఎజే, నేను చూపిస్తాను."

"మీ నాన్న మూడొందల గొర్రెల్లో తన గొర్రెని పోల్చుకుంటాడు. ఆ కాగితం మీద ఒక మనిషిని పోల్చుకోలేడా? నువ్వు బయటికెళ్ళి టీ తాగు."

కొడుకు గొణుక్కుంటూ వెళ్ళాడు. ముసలాయన తెర వెనక చాలాసేపున్నాడు. కాగితం మడిచి పెట్టెలో వేసి, తిన్నగా ఎజే దగ్గరికొచ్చి వంగి, "ఎవరికేశానో తెలుసా అమ్మా..." అని మొదలెట్టాడు.

ఎజే రెండు చెవులూ మూసుకుంది.

"చెప్పకు తాతా, చెప్పకు! నాకూ చెప్పకు!"