బండివాడు ఇల్లు చేరిన పాట

ఆ కాలంలో పాట కట్టినవాడే దాన్ని పుస్తకంగా అచ్చు వేయించుకోవాలి, వారం వారం జరిగే అంగడికి మోసుకెళ్లి పాడుకోవాలి, అమ్ముకోవాలి. మా అన్నకు పాడటం వచ్చు, అమ్మటం రాదు. అది నేను చూసుకుంటానన్నాను. బడి మానేసి కిరాణా దుకాణంలో సొంతంగా లెక్కలు నేర్చినవాణ్ణి (నేర్పినవారు లేరు కనుక తప్పని చెప్పేవారూ లేరు). అన్న పాట మొత్తం పాడేవాడు, జనం మొత్తం విని తలలూపి పోయేవారు. పుస్తకాల కట్టలు ఇంట్లోనే ఉండేవి. చివరికి బాపు (మా నాన్నను అట్లాగే పిలిచేవాళ్లం) ఓపిక అయిపోయింది. "గీ వర్ని అంగడి సూస్త. గిప్పుడు సుత అమ్మకపోతే పెట్టె అమ్మి, చెక్కర ఫ్యాక్టరీల కూలికి పో" అన్నాడు. పెట్టె అంటే హార్మోనియం. అన్న దాన్ని తుడుస్తూ కూర్చున్నాడు.

నేను ఉపాయం చెప్పాను. "అన్నా, ఆఖరి చరణం పాడకు. పుస్తకంల ఉన్నదని చెప్పు. ఎట్ల కొనరో సూస్త."

వర్ని అంగట్లో అన్న పాట ఎత్తుకున్నాడు. బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలుకెళ్లిన బండివాడి కోసం భార్య కాలువగట్టున ఎదురుచూసే పాట అది. పొద్దు గూకింది, బండి రాలేదు. అక్కడ అన్న పెట్టె మూశాడు. నేను పుస్తకాలు పైకెత్తాను. ఎవరూ చేయి చాపలేదు, కదలనూ లేదు. కూరగాయలమ్మే అవ్వ లేచి వచ్చింది.

"గా బండోడు ఇల్లు చేరిండా?"

"పుస్తకంల ఉన్నదవ్వా."

"నీ పుస్తకం మన్నువడ. నా కొడుకు సుత బండి తోలుకపోయిండు. మొగోణ్ణి తొవ్వల ఇడిసి పాట బంద్ జేస్తవా? అపశకునం."

"మా ఇంటాయన సుత గాడనే ఉన్నడు" అంది వెనకనుంచి ఒకామె. ఇంకొకామె వచ్చి పెట్టె మీద చేయి వేసింది. (చెరకు కోతల కాలంలో ఆ అంగట్లో బండివాళ్ల ఆడవాళ్లే ఎక్కువని నా లెక్కలో లేదు.)

అన్న నావైపు చూడకుండా పెట్టె తెరిచాడు. ఎడ్ల గజ్జెలు మోగాయి, బండి వాకిట్లో ఆగింది, భార్య కాళ్లకు నీళ్లిచ్చింది. అవ్వ ఆ చరణం మళ్లీ పాడించుకుని, కొంగుముడి విప్పింది. "రాగం చెవులవడ్డది, మాటలే నిలవయి. ఒకటియ్యి. మా మనుమరాలు సదువుతది, నేను పాడుత." ఆ తరువాత మిగతావాళ్లు వరసగా చేతులు చాపారు. సంచీ ఖాళీ అయింది.

ఖాళీ సంచీ దులిపి చూసిన బాపు, "మల్ల అచ్చేయించుండ్రి" అని మాత్రం అన్నాడు. అన్న నన్ను పక్కకు పిలిచి, "నీ లెక్క కుదిరిందారా?" అన్నాడు. "కుదిరింది" అన్నాను. ఎట్లా కుదిరిందో ఆయన అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ నాకు హాయిగానే ఉంది.