పెద్దమ్మ ఊపిర్లు కత్తిరించిన రోజులు

పాసయ్యాను. నేను డిగ్రీ పాసయ్యాను. పొద్దున ఫోన్‌లో హాల్‌టికెట్ నంబరు కొట్టి చూశాను, నమ్మకం కుదరక మళ్ళీ కొట్టి చూశాను, ఆ తర్వాత పక్కింటి అక్క ఫోన్ అడుక్కుని అందులో కూడా చూశాను (ఫోన్ మారితే రిజల్టు మారుతుందేమోనని). మారలేదు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే, డిగ్రీ దాటిన మొదటి మనిషిని కూడా నేనే. ఈ మాట వినగానే మా ఊళ్ళో ఎవరైనా "మళ్ళనా?" అని అడిగితే వాళ్ళ తప్పేమీ లేదు. నేను పాసయ్యానని వాళ్ళంతా నిరుడే లడ్డూలు తిన్నారు.

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే తల కొంచెమైనా నెరవాలి. నాకింకా ఇరవై రెండే. నేను చెప్పే ఆ రోజులు నిరుటి ఎండాకాలంవి. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే, చుట్టాలింట్లో కాస్త తెలివితక్కువ పిల్లెవరో గుర్తొచ్చినట్టుంటుంది. ఆ పిల్ల ఆఖరి పరీక్ష రాసి రాగానే మా మేనమామ శంషాబాద్ వెళ్ళి నా ఫొటోతో ఒక ఫ్లెక్సీ కొట్టించాడు. 'మా ఇంటి మొదటి డిగ్రీ' అని అక్షరాలు, వెనకాల విమానం బొమ్మ. రిజల్టు ఇంకా రాలేదు మామా అంటే, పరీక్ష రాసినంక వచ్చేది రిజల్టే కదా అన్నాడు. అది మా బాపు పంక్చర్ షాపు మీద, సర్వీసు రోడ్డున పోయే ప్రతి లారీకీ కనపడేటట్టు వేలాడింది. రిజల్టు వచ్చిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. అన్నీ పాసయ్యాయి కానీ ఒక్కటి ఆగింది. అప్పుడే బాపు ఫోన్ చేశాడు. వెనకాల మామ గొంతు, ఇంకో పది గొంతులు, లడ్డూల డబ్బా మూత తీసిన చప్పుడు.

"అయ్యిందా బిడ్డా?" అన్నాడు.

"పాసైన బాపు," అన్నాను.

ఆ రెండు మాటలు ఒక సంవత్సరం పాటు నా మెడకు చుట్టుకుంటాయని అప్పుడు తెలియదు. సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రానికి ఊరంతా తినేసింది.

ఆగిపోయిన పేపరు ఏమిటో చెప్పాలి. మాది మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ. చివరి సెమిస్టర్‌లో సౌండ్ ప్రాజెక్టు ఉంటుంది. ఒక మనిషి గొంతు రికార్డు చేసి, అనవసరపు చప్పుళ్ళు తీసేసి, శుభ్రంగా వినపడేలా మిక్స్ చేసి ఇవ్వాలి. నేను మా పెద్దమ్మ పాట ఎంచుకున్నాను. అమ్మ వాళ్ళక్క, మాతోనే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయితే పసుపు దంచే రోజు ఆమెను పిలవకుండా రోలుకు బొట్టు పెట్టరు. రోకలి ఎత్తిందంటే పాట దానంతటదే వస్తుంది. అంత మంచి గొంతును నేను మా ఇంటి వెనక గదిలో, ఫ్యాను కింద, బాపు షాపులో గాలి కొట్టే కంప్రెసర్ ఆడుతుండగా, నెత్తి మీద ఎయిర్‌పోర్టు విమానాలు పోతుండగా రికార్డు చేశాను. (కాలేజీలో కంప్రెసర్ వాడటం నేర్పుతున్నారని చెప్పినప్పుడు బాపు, దానికి ఫీజు కట్టుడెందుకు, మన షాపులనే ఉన్నది కద, అన్నాడు. గొంతు హెచ్చుతగ్గుల్ని సమంగా నొక్కే పనికి కూడా అదే పేరని ఆయనకు వివరించలేకపోయాను.) మా మేడం ప్రాజెక్టు కాగితం మీద ఒక్క వాక్యం రాశారు: 'విమానం చాలా స్పష్టంగా ఉంది, పాడినవారు ఎవరు?'

ఇంట్లో నిజం తెలిసింది పెద్దమ్మకు ఒక్కదానికే. ఏడ్చుకుంటూ చెబితే ఆమె చాటలో బియ్యం చెరుగుతూనే విన్నది. మళ్ళీ పాడితే అయిపోతుంది కదా, దానికి ఇంత పరేషాన్ ఎందుకన్నది. బాపుకు మాత్రం పాసయ్యాక నువ్వే చెప్పాలె, నేను చెప్ప, అని షరతు పెట్టింది. వచ్చే బ్యాచ్‌తో పాటు ప్రాజెక్టు మళ్ళీ ఇవ్వొచ్చు. అదీ పోతే ఇక ఆ కోర్సు నియమాలే మారిపోతాయి, ఫీజు కట్టి మొదటినుంచి చదవాలి అన్నారు కాలేజీలో.

ఈసారి నేర్చుకునే చేద్దామని శంషాబాద్ బస్టాండు దగ్గర మైకుసెట్ల దుకాణానికి వెళ్ళాను. పెళ్ళిళ్ళకు మైకులు కిరాయికిచ్చే ఆయన వెనక గదిలో కూరగాయల ఆటోలకు, ట్యూషన్ సెంటర్లకు ప్రకటనలు రికార్డు చేస్తాడు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఒకటి ఉండటం వల్ల అందరూ ఆయన్ని చష్మా భాయ్ అంటారు. ఉల్లిగడ్డ ధర చెప్పే గొంతును కూడా గాజుగ్లాసులా మెరిపించగల మనిషి. నాలుగు నెలలు, ఆదివారాలు, ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మనిషి గొంతు చేరని కింది మోతనంతా ముందే కోసెయ్యమన్నాడు, సగం విమానం అందులోనే పోతుంది. గది ఎక్కడ గుంయ్‌మంటోందో వెతికి అక్కడ మాత్రం కాస్త దించమన్నాడు. స, ష చెవిలో గుచ్చుకుంటే వాటి ముల్లు విరవమన్నాడు. పాట పెద్దగా అయిన చోటా చిన్నగా అయిన చోటా ముందు చేత్తో, లైను లైనుకు సర్దుకుని, ఆ తర్వాతే మిషన్‌కు అప్పజెప్పమన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా తెర చూసుకుంటూ చెయ్యొద్దు, కళ్ళు మూసుకుని చెయ్యి అన్నాడు. మొదటి నాలుగూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదోది, కళ్ళు మూసుకునే ముసలాయన చాదస్తం అనుకుని రాసుకోలేదు.

విమానాల సంగతి మాత్రం పెద్దమ్మే చూసుకుంది. ముప్పై ఏళ్ళు చేన్లో బంతిపూలు తెంపిన మనిషి, ఆ ముప్పైలో సగం విమానాల కిందే. ఎగిరేటివి మోత, దిగేటివి అంత ఉండవు, పడమటి గాలి ఉన్నన్ని దినాలు ఎగిరేటివి మన మీదికెల్లే పోతయ్, చలికాలం రానీ, గాలి తూర్పుకు తిరుగుతది అన్నది. నేను వాతావరణం యాప్ చూపిస్తే, జర దాన్ని మూసిపెట్టు అన్నది. దసరా దాటి చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడి కొంగు గాలికి ఎటు పోతోందో చూసి, ఇగ రా, అని పిలిచింది. బాపు ఆ రోజు సామాన్ల కోసం షాద్‌నగర్ వెళ్ళాడు. కంప్రెసర్ ఆగింది. గోడలకు ఇంట్లో ఉన్న బొంతలన్నీ వేలాడదీశాను. మైకు ముందు పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పాడమన్నాను.

పాడింది. బస్సులో టికెట్ అడిగినట్టు పాడింది. మళ్ళీ పాడించాను, ఇంకా అధ్వాన్నం. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. ఖాళీ చేతులతో ఆమె ఎన్నడూ పాడలేదని నాకప్పుడు తట్టింది. రోకలి ఇస్తే చప్పుడు, ఇవ్వకపోతే పాట లేదు. చివరికి మంచం మీది పరుపు మడతపెట్టి నేల మీద వేసి, దాని మీద ఇంకో రెండు బొంతలు పరిచి, రోకలి చేతికిచ్చి, పసుపు లేదు రోలు లేదు, ఉన్నాయనుకుని దంచు పెద్దమ్మా అన్నాను. నన్నొకసారి పైనుంచి కిందికి చూసింది. "నీ సదువు సల్లగుండ," అని రోకలెత్తింది. ఆ వెంటనే గొంతు వచ్చింది. పరుపు మీద దుమ్ము లేస్తుంటే, దెబ్బ దెబ్బకూ 'హుఁ' అంటూ, పెళ్ళివారింట్లో పాడినట్టే పాడింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం ఇంత పొడుగు ఉండేది కాదు. ల్యాప్‌టాప్ తెర మీద ఆ పాట కొండలు కొండలుగా కనపడింది. ప్రతి రెండు కొండల మధ్యా ఒక చిన్న గుట్ట. అది పెద్దమ్మ ఊపిరి. నాకు మాత్రం బియ్యంలో మెరిగలా కనపడింది. ఏరడం మొదలుపెట్టాను. పది రోజులు కూర్చుని ఒక్కొక్క ఊపిరినీ, ఒక్కొక్క హుఁ నీ కత్తిరించి పారేశాను. అప్పుడు తెర ఎంత చక్కగా ఉందంటే, కొండకీ కొండకీ మధ్య గీత గీసినట్టు నేల. ఆ గర్వంలో ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని కత్తిరించని అసలు రికార్డింగును చెరిపేశాను కూడా. (ఈ వాక్యం చదివి ఎవరైనా తల కొట్టుకుంటే, ముందు నన్ను కొట్టుకోనివ్వండి.)

పెద్దమ్మ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. సగం దాకా కదలకుండా విన్నది.

"గీమె ఎవలు?"

"నువ్వే పెద్దమ్మా."

"నేను గాదు. గీమె దమ్ము దీస్తలేదు. దమ్ము దియ్యకుంట రోకలెట్ల లేస్తది?" హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నన్ను సంపి పాడిపిచ్చినవేందే."

నవ్వుతూనే అన్నది. మర్నాడు చష్మా భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాక ముక్కు మీది కళ్ళజోడు తీసి తుడిచి, నెత్తి మీది దాన్ని ముక్కు మీదికి దించి, నన్ను పరీక్షగా చూశాడు.

"మంచిగ సాఫ్ చేసినవ్ బేటీ. మనిషిని గూడ సాఫ్ చేసినవ్."

ఊపిరిని కొయ్యకూడదట, కాస్త వెనక్కి జరపాలట. పాటకు అడ్డం రాకుండా, అక్కడే ఉండాలట. అసలు రికార్డింగ్ తీసుకురా, గంటలో చూపిస్తానన్నాడు. అది లేదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

ప్రాజెక్టు ఇవ్వడానికి నాలుగు రోజులే ఉన్నాయి. గాలి తూర్పుదే, పెద్దమ్మ సిద్ధమే, బాపు మాత్రం ఎక్కడికీ పోవడం లేదు. చలికాలంలో టైర్లు ఎందుకు పేలతాయో నాకు తెలియదు కానీ ఆ వారం కొత్తూరు నుంచి వచ్చే ప్రతి లారీ మా షాపు ముందే ఆగింది. చివరికి పెద్దమ్మే నుదుటికి గుడ్డ కట్టుకుని షాపుకు వెళ్ళి, తలకాయ పగిలిపోతున్నది, ఒక్క గంట ఆ మోత బందుపెట్టు అన్నది. ఎవరొచ్చి చెప్పినా కంప్రెసర్ ఆపని మా బాపు వెంటనే ఆపేశాడు. గట్టిగా మాట్లాడొద్దని డ్రైవర్లకు కూడా చెప్పాడు. పెద్దమ్మ వెనక గదిలోకి వచ్చి, నుదుటి గుడ్డ విప్పకుండానే రోకలెత్తి, ఊరికి వినపడేటట్టు పాడుతూ, ఆ పరుపు మీదే లేని పసుపు దంచింది. సాయంత్రం అన్నం తింటూ బాపు, తలనొప్పికి పాట మందా వదినె అని అడిగాడు. ఔ, మంచిగ పనిచేస్తది అన్నది పెద్దమ్మ. నేను పప్పు వడ్డించుకునే నెపంతో తల పళ్ళెంలోకి వంచేశాను.

ఈసారి మిక్సింగ్ కళ్ళు మూసుకుని చేశాను. కింది మోత కోశాను, గది గుంయ్‌మన్న చోట దించాను, లైను లైనుకు చేత్తో సర్దాను. ఊపిర్లను మాత్రం ఒక్కదాన్నీ పారెయ్యకుండా, పాట వెనక నిలబెట్టాను. వైవా రోజు మేడం హెడ్‌ఫోన్ పెట్టుకుని పూర్తిగా విన్నారు. గొంతు శుభ్రంగా ఉంది కానీ ఊపిరి అంతా వినపడుతోందే, తీసేయడం రాదా అని అడిగారు. వచ్చు మేడం, పది రోజులు తీశాను అన్నాను. మరి?

"అది తీస్తే రోకలి పోతుంది మేడం."

మేడం మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. రోకలి చప్పుడు ఆ పాటలో ఎక్కడా లేదు. అయినా ఆవిడ వేళ్ళు బల్ల మీద దాని లెక్క ప్రకారమే లేచి పడటం నేను చూశాను. కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ ఏదో ఏమిటో తెలియడానికి ఈ పొద్దు దాకా ఆగాల్సి వచ్చింది.

రిజల్టు చూసుకుని తిన్నగా షాపుకు పోయాను. బాపు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. నిరుటి నుంచి ఈ పొద్దు దాకా, ఫ్లెక్సీ, లడ్డూలు, తలనొప్పి, పరుపు, అన్నీ ఒకే గుక్కలో చెప్పేశాను. బాపు తొట్టిలోంచి చెయ్యి తీయలేదు. "ఇప్పుడైతే నిజంగ పాసైనవా?" అన్నాడు. ఫోన్ చూపించాను. చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ పట్టుకోకుండా, వంగి చదివాడు. చదవడం రాని ఇంగ్లీషును కూడా అంతసేపు చదివాడు. నేను ఏడాదిగా భయపడ్డ తిట్లు రాలేదు. ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని వంగి చూస్తే నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి మళ్ళీ తొట్టి దగ్గర కూర్చుని, అయితే అందరికీ నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేను చెప్తే నాకు నవ్వాగది, అన్నాడు. రాసుకో అని పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

రిజల్టు వచ్చిన రోజు ఫోన్‌లో అబద్ధమాడి మూలకు కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, దగ్గరికి తీసుకుని, పర్వాలేదే, బాపు నవ్వుతాడు అని చెప్పేదాన్ని. నమ్మేది కాదనుకోండి.

జాబితా నా ముందే ఉంది. మేనమామ (ముందు కూర్చోమని చెప్పి ఆ తర్వాత చెప్పాలి). మహేశ్వరం చిన్నత్త, నిరుడు నాకు చీర పెట్టింది, తిరిగి అడగదనే నమ్మకం. చష్మా భాయ్, ఆయనకు మాత్రం శుభవార్త ఒక్కటే, క్షమాపణ అక్కర్లేదు. కొత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే బావ, అందరికీ చెప్పే పని ఆయన ఒక్కడే చేసేస్తాడు. మా మేడం, ఆవిడకు తెలుసు, అయినా చెయ్యాలి. పేర్లన్నీ అయ్యాక బాపు తల ఎత్తకుండానే, "ఆఖర్కి నాకు జెయ్యి," అన్నాడు. నీకు చెప్పిన కద బాపు అన్నాను. "నిరుడు ఫోన్లనే చెప్పినవ్ కద, ఇది గూడ ఫోన్లనే చెప్పు," అన్నాడు. అందుకని జాబితా చివర, మా ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న షాపు నంబరు: బాపు.