నాలుగో తూటా

"మానసిక స్థైర్యం లేదు" అని ఒకే వాక్యం రాసి, షూటింగ్ సంఘం ఆమెను జట్టులోంచి తొలగించింది. సంఘం ఆమెకిచ్చింది అప్పటికే నలుగురు వాడి వదిలేసిన రైఫిల్. మొదటి మూడు తూటాలు లక్ష్యం నడిమధ్యన తగిలేవి. నాలుగోదాని నుంచి కుడికి జరిగిపోయేవి. శిక్షకుడు ఒక్కటంటే ఒక్క తూటా పేల్చి చూసి, "తుపాకీ బంగారంలా ఉందమ్మా, వణికేది నువ్వే" అని తేల్చేశాడు. ఆమె నమ్మింది. రెండేళ్లపాటు మణికట్టుకు ఇసుక సంచి కట్టుకుని, రోజూ గోడకెదురుగా చెయ్యి చాచి నిలబడింది. "టీ మానేశావు, నవ్వడమూ మానేశావు, ఇక ఊపిరి కూడా మానేస్తావా ఏంటే?" అని అక్క దెప్పేది.

రైఫిల్‌ను తిరిగి అప్పగించే రోజున, దాన్ని తుడుస్తూ మరలన్నీ అలవాటుగా బిగించి చూసింది. చివరగా గొట్టానికీ దాని కింది చెక్కకూ మధ్య కాగితం దూర్చి లాగింది. ఆ సందులో అది చివరిదాకా సాఫీగా జారాలి; సగం దూరం జారి ఆగిపోయింది. తేమకు ఉబ్బిన చెక్క అక్కడ గొట్టాన్ని తాకుతోంది. కాల్పులతో గొట్టం వేడెక్కేకొద్దీ ఆ చెక్క దాన్ని కుడిపక్కకు నెడుతోంది. చల్లని గొట్టంతో పేల్చిన ఒక్క తూటాకు ఆ లోపం ఎన్నటికీ బయటపడదు. ఆమె తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, అన్యాయంగా కొట్టిన బిడ్డను నిమిరినట్టు నిమిరింది. "అక్కా, దీని తప్పేం లేదే" అని పక్కనున్న అక్కతో అంది. సంఘం పెద్దలారా, ఆ రెండేళ్లను మీరు తిరిగి ఇవ్వలేరు. అదే రైఫిల్‌తో, ఆమె ఎదుట, వరుసగా పది తూటాలు మీరే పేల్చండి; పదోది ఎక్కడ తగిలిందో చూశాక, ఎంపికకు ఆమెను మీరే వచ్చి పిలవండి.