నెయ్యి తాగిన కాలు

డెబ్బైల చివర్ల, నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు, నా కాలూ నా పానం దోస్తు కాలూ ఒక్క దెబ్బకే విరిగినయ్. కిరాయి సైకిలు. తొక్కేది ఆ పిల్ల, ముందు కడ్డీ మీద కూసున్నది నేను. బూర్గంపాడు దారిల దిగుడు రాంగనే "బ్రేకెయ్యవే!" అని నేను, "నువ్వు ముందు హ్యాండిలు వదులు!" అని అది. ఎవరి మాట ఎవరూ వినలే. ఎదురొచ్చిన ఎడ్లబండికి పోయి గుద్దుకున్నం. నాకు ఎడమ కాలు, దానికి కుడి కాలు. భద్రాచలం దవాఖానాల డాక్టరు ఒకే పూట ఇద్దరికీ సిమెంటు పట్టీలు వేసిండు.

నొప్పికి కాదు మేం ఏడ్చింది, పందెం కోసం. స్కూలు ఆటల పోటీలకు రెండు నెలలే ఉంది. ఒకరి కాలు ఒకరి కాలుకు కట్టుకొని ఉరికే మూడుకాళ్ల పరుగుల కిందటేడు అంగుళం తేడాతో ఓడిపోయినం. ఈసారి గెలిచి తీరుతమని ఊరంతా చాటి పెట్టినం మరి!

మా అమ్మోళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నోళ్లు. పలకరించడానికి వచ్చిన చుట్టాలు ఉత్త చేతుల్తో రారు గదా, విరిగిన కాలుకు నెయ్యి తెస్తరు. అత్తయ్య గిన్నెడు, పిన్ని సీసాడు. అమ్మ మురిసిపోయి, "ఎముకకి జిడ్డు తగలాలి అమ్మాయ్! కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని, అన్నంల గుంట చేసి పోసేది. పొద్దున నెయ్యి, మధ్యాహ్నం వేపుడు, సాయంత్రం గారెలు. సచ్చినట్టు తిన్ననా? అబ్బే, లొట్టలేసుకుంటూ తిన్న. బుగ్గలు బూరెలైనయ్.

నా బెంగంతా దోస్తు గురించి. వాళ్ల గూడెంల జొన్న గటక, ఆకుకూర, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు. నెయ్యి ఊసే లేదు. దాని కాలు అతకకపోతే నేనెవరితో ఉరకాలె? కర్ర పట్టుకొని కుంటుకుంటూ అది రోజూ మా ఇంటికి వస్తుండె. కడిగిన సిరాబుడ్డిల నెయ్యి నింపి, అమ్మ చూడకుండ దాని చేతుల పెట్టేదాన్ని.

"తాగుతున్నవా?"

"అవ్, తాగుతున్న."

ఎంత త్యాగం నాది! నా అంత పుణ్యాత్మురాలు లేదనుకున్న.

ఏడు వారాలకు పట్టీలు కోసిండ్రు. ఎక్స్‌రే చూసి డాక్టరు దాని కాలు తట్టి, "అతికింది, పో" అన్నడు. నాది చూసి మూతి విరిచిండు. "ఇంకా గట్టిపడలే. ఏం పెడుతున్నరమ్మా?" అమ్మ గర్వంగ నేతి పురాణమంతా విప్పింది. ఆయన తల పట్టుకున్నడు. "ఎదిగే పిల్ల ఎముకకు పప్పు, పాలు, చేపలు కావాలె. మీరు నేతితోనే కడుపు నింపితే అవి ఎప్పుడు తింటది? కొవ్వు మితిమీరితే అతుకు జల్దీ పడదు. ఒళ్లు పెరిగింది, ఎముక ఎనకబడ్డది."

"ఇది కూడా నా నెయ్యే తాగింది!" అని అరిచిన.

అది నేల చూపులు చూసింది. "వాసనకే కడుపుల తిప్పిందే. మా కుక్కకు పోసిన."

వాళ్ల కుక్క ఆ నడుమ ఎందుకంత నిగనిగలాడిందో అప్పుడు తెలిసింది. డాక్టరు, నర్సు, చివరికి అమ్మ కూడా పడీ పడీ నవ్విండ్రు. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నాకూ నవ్వు ఆగలే.

కొత్త పట్టీ వేసి, "నడువు, ఉరకకు" అన్నడు డాక్టరు. పందెం పది రోజులల్లనే. డ్రిల్లు సారు మా దోస్తుకు బాగ ఉరికే ఇంకో పిల్లను జోడీ ఇచ్చిండు. "పో, గెలువు" అన్న, పెద్ద మనసు ఉన్నదాని లెక్క. లోపల కుళ్లి చచ్చిన.

పోటీనాడు నేను బెంచీ మీద మూతి ముడుచుకొని కూసున్న. అది కొత్త జోడీని వదిలేసి, తాడు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"లెయ్యే."

"ఉరకొద్దన్నడు గదా డాక్టరు!"

"నడుద్దం. నడవొద్దనలే గద."

నా సిమెంటు కాలుకు దాని అతికిన కాలు కట్టేసింది. సారు మొత్తుకున్నడు. అమ్మ "ఓసి మీ దుంపతెగ!" అని నెత్తి కొట్టుకుంది.

ఈల కొట్టంగనే మిగతా జోడీలన్నీ మాయం. మేం ఠక్కు ఠక్కుమని నడిచినం. మధ్యల రెండుసార్లు కూలబడ్డం, నవ్వలేక. చివరికి చేరేసరికి గీతే లేదు. తర్వాతి ఆట కోసం ఆ సున్నపు గీతను చెరిపేసిండ్రు.

"గీత ఏడుందే?" అన్న.

అది చుట్టూ చూసింది. బొటనవేలితో దుమ్ముల ఒక గీత గీసింది. ఇద్దరం దాన్ని దాటి, గెలిచినమని గొంతు చించుకున్నం.